యముడి చిట్టాలో తప్పు: ఒక నవ్వుకు సంజాయిషీ

1

అనకాపల్లిలో ఒక సాహిత్య సభ ముగిశాక, డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి నా దగ్గరికొచ్చి, "మాస్టారూ, మీకు బాగా ఇష్టమైన తెలుగు సినిమా ఏదండీ?" అని అడిగింది. తడుముకోకుండా "మా భూమి" అన్నాను. గౌతమ్ ఘోష్ తీసిన ఆ సినిమా మీద నాకున్న గౌరవం నిజమైనదే. కాని ఆ అమ్మాయి గౌరవం గురించి అడగలేదు, ఇష్టం గురించి అడిగింది. 'మా భూమి'ని నేను రెండుసార్లు చూశాను. 'యముడికి మొగుడు'ని ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఎందుకు రాలేదు అనే ప్రశ్నతో ఈ వ్యాసం మొదలయింది.

ఇది నా ఒక్కడి బలహీనతే అయితే దీని కోసం పత్రికలో ఇన్ని పేజీలు అక్కర్లేదు. మనలో చాలామందికి ఇలాంటి సినిమా ఒకటుంటుంది. సభలో చెప్పేది వేరు, ఇంట్లో తలుపు వేసుకుని చూసేది వేరు. విమర్శకుడు తన అనుభవాన్ని దాచిపెట్టి రాసినప్పుడు అది తీర్పు మాత్రమే అవుతుంది. ఆ సినిమా జనాన్ని ఎలా పట్టుకుంటున్నదో అందులో తెలియదు. ఆ పట్టు ఎక్కడుందో చెప్పలేని విమర్శను జనం పట్టించుకోకపోతే తప్పు జనానిది కాదు.

2

ముందు సినిమా సంగతి. రవిరాజా పినిశెట్టి దర్శకత్వంలో 1988 ఏప్రిల్లో విడుదలయింది. చిరంజీవిది రెండు పాత్రలు. కాళి అనే రౌడీ శత్రువుల చేతిలో చచ్చి యమలోకం చేరతాడు. తీరా చిట్టా తిరగేస్తే వాడికి భూమ్మీద ఇంకా నూకలు చెల్లలేదు. కాళి యముణ్ణి నిలదీస్తాడు. పాత శరీరంలోకి వెళ్ళే దారి అప్పటికే మూసుకుపోయింది. అందుచేత అచ్చం తనలాగే ఉండే బాలు శరీరంలోకి వాణ్ణి పంపిస్తారు. బాలు ఆస్తిపరుడు, అమాయకుడు, ఆస్తి మీద కన్నేసిన బంధువుల చేతిలో నానా బాధలూ పడ్డవాడు. ఆ క్షణం నుంచి ఇన్నాళ్ళూ తన్నులు తిన్న ఒళ్ళు తన్నడం మొదలుపెడుతుంది. మిగతాదంతా పాటలూ, ఫైట్లూ, మధ్యలో యముడి అవస్థలూ.

ఇలాంటి సినిమాల మీద మన విమర్శ మోపిన అభియోగాలు మూడు. ఒకటి, ఇది పలాయనవాదం: కష్టజీవిని తన కష్టం నుంచి రెండున్నర గంటలు పక్కకు లాక్కుపోతుంది. రెండు, ఇది వీరారాధన: సమష్టిగా చెయ్యవలసిన పనిని ఒక్క మగాడి కండబలానికి వదిలేస్తుంది. మూడు, ఇందులో ఆడవాళ్ళు పాటకు ముందు కనిపించి పాట తర్వాత మాయమవుతారు. ఈ మూడూ నేను స్వయంగా రాసినవే, సభల్లో చెప్పినవే. ఇవాళ కూడా వీటిలో ఒక్కదాన్నీ వెనక్కి తీసుకోవడం లేదు. అయినా అల్లు రామలింగయ్య చిత్రగుప్తుడి వేషంలో ఆ పెద్ద పుస్తకం ముందేసుకుని బిక్కమొహం పెట్టగానే నాకు నవ్వు ఆగదు. అభియోగం నిజం, నవ్వూ నిజం. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇముడుతున్నాయన్నదే చూడాలి.

3

మొదటిసారి ఆ సినిమా చూసింది డేరా హాల్లో. అప్పుడు నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన తెలుగు పండితుణ్ణి. విడుదలైన చాలా నెలలకు గాని పరవాడ వైపు టూరింగు టాకీసుకు ప్రింటు రాలేదు. ఆనాటికి పరవాడ అంటే వరి, చెరుకు, కొబ్బరి, కాస్త దూరంలో సముద్రం. కర్మాగారాలింకా రాలేదు. సంఘం మిత్రులెవరైనా చూస్తారేమోనని సెకండ్ షోకి వెళ్ళాను. బెంచీ టిక్కెట్టు తీసుకుని చీకట్లో కూర్చున్నాను. రీలు మార్చడానికి దీపం వేశారు. రెండు వరసల ముందు మా సంఘం కార్యదర్శి కూర్చుని ఉన్నాడు. పక్షం రోజుల క్రితమే వ్యాపార సినిమా విషసంస్కృతి మీద గంటసేపు ప్రసంగించినవాడు. ఆయన వెనక్కి తిరిగాడు. నేను కింద పడిపోని చేతిరుమాలు కోసం వంగాను. తర్వాత ఎన్ని ఏళ్ళు కలిసి పనిచేసినా ఆ రాత్రి సంగతి ఇద్దరం ఎత్తలేదు.

ఆ రాత్రి నాకు బాగా గుర్తున్నది తెర కాదు, నేల క్లాసు. కాళి యముణ్ణి ఎదిరించి మాట్లాడుతుంటే నేల మీద కూర్చున్నవాళ్ళు నవ్వడమే కాదు, తామూ మధ్యలో మాటలందించారు. "అడుగు, గట్టిగా అడుగు" అని ఒక ముసలాయన అరిచాడు. ఆయన రోజూ కనిపించే మనిషే. భూమి కాగితాల్లో పేరు తప్పు పడిందని తాలూకా కచేరీ చుట్టూ ఏళ్ళ తరబడి తిరిగినవాడు. కచేరీలో ఏనాడూ గొంతెత్తలేదు. యమలోకంలో ఎత్తాడు.

4

ఈ కథకు వంశవృక్షం ఉంది. దాన్ని చూస్తే మనం ఎంత తొందరపడి దీన్ని పారేశామో తెలుస్తుంది. బతికున్న మనిషి యమలోకంలో పడి అక్కడి వ్యవస్థను తలకిందులు చెయ్యడమనే ఊహను 19వ శతాబ్దంలోనే హాస్యకథగా రాసినవాడు బెంగాలీ రచయిత దీనబంధు మిత్ర. నీలిమందు తోటల దొరల దౌర్జన్యం మీద 1860లో 'నీల్ దర్పణ్' నాటకం రాసిన దీనబంధు మిత్రే. రైతు కన్నీళ్ళు రాసిన కలమే యముడి మీద వేళాకోళమూ రాసింది. ఆయనకు ఈ రెంటి మధ్యా వైరుధ్యం కనిపించినట్టు లేదు. ఆ కథ 1958లో బెంగాలీలో సినిమా అయింది. 1960లో తెలుగులో సి. పుల్లయ్య 'దేవాంతకుడు' తీశాడు. ఎన్.టి. రామారావు నాయకుడు, ఎస్.వి. రంగారావు యముడు.

1977లో తాతినేని రామారావు దర్శకత్వంలో 'యమగోల' వచ్చింది. మాటలు డి.వి. నరసరాజువి. నాయకుడు సత్యం యమలోకానికి పోయి అక్కడి కింకరుల చేత సమ్మె చేయిస్తాడు. పాపుల్ని నూనెలో వేయించే ఉద్యోగులు తమ పని గంటల గురించి, తమ బతుకు గురించి గొంతెత్తుతారు. యముడికేమీ పాలుపోదు. అత్యవసర పరిస్థితి ఎత్తేసిన ఏడాదే నేల క్లాసు జనం యమలోకంలో సమ్మె చూసి ఈలలు వేశారు. ఆ యముడు కైకాల సత్యనారాయణ. ఆ చిత్రగుప్తుడు అల్లు రామలింగయ్య. మన పాఠకులకు ఒక సంగతి గుర్తు చెయ్యాలి. రామలింగయ్యను తొలిసారి వెండితెర మీదికి తెచ్చింది 1953 నాటి 'పుట్టిల్లు'. దాన్ని తీసింది ప్రజానాట్యమండలిని నడిపించిన డాక్టర్ గరికపాటి రాజారావు. కాబట్టి మన వాకిట్లోంచి నడిచివెళ్ళిన నవ్వునే ఎవరిదో అన్నట్టు చూశాం.

ఆ తర్వాత 1988లో 'యముడికి మొగుడు', 1994లో ఎస్.వి. కృష్ణారెడ్డి 'యమలీల', 2007లో రాజమౌళి 'యమదొంగ' వచ్చాయి. 2022 డిసెంబరులో సత్యనారాయణ చనిపోయినప్పుడు జనం ముందుగా తలుచుకున్నది ఆయన యముడి వేషాన్నే.

5

ఈ నవ్వులో ఏముంది? నాకు మూడు పొరలు కనిపిస్తున్నాయి.

మొదటిది, చిట్టా. మన సినిమాల యమలోకం పురాణంలోని నరకం కాదు, అది ఒక ప్రభుత్వ కార్యాలయం. పెద్ద కుర్చీలో కేకలు వేసే అధికారి, పక్కన దస్త్రాలు చూసే గుమాస్తా, గుమ్మం దగ్గర బంట్రోతులు. గుమాస్తా తప్పు చేస్తాడు, అధికారికి ఆ తప్పు తెలుసు, కాని తప్పు బయటపడితే పై లోకాల్లో పరువు పోతుంది. ఈ వ్యవహారం మన జనానికి కొత్త కాదు. రేషను కార్డులో వయసు తప్పు, పట్టాలో సర్వే నంబరు తప్పు, పింఛను జాబితాలో బతికున్నవాడు చచ్చినట్టు నమోదు. పుస్తకంలో రాసిందే నిజం, ఎదుట నిలబడ్డ మనిషి అబద్ధం. ఆ పుస్తకాన్ని లాగి బల్ల మీద కొట్టి "తప్పు నీది" అనగలిగినవాడు ఒక్కడు కనిపించినా నవ్వు పొంగుతుంది. అది గడ్డకట్టిన కోపం కరిగి వచ్చిన నవ్వు.

రెండోది, దెబ్బ. ఈ సినిమాల్లో ఒక్కడు కొడితే పదిమంది గాలిలో ఎగిరి కుండల మీదా బండ్ల మీదా పడతారు. పడ్డవాడు దులుపుకుని మళ్ళీ లేస్తాడు. మనం దీన్ని అవాస్తవికత అన్నాం. అవాస్తవికతే. కాని ఎవరికి అవాస్తవికం? ఒంటిని అమ్ముకుని బతికేవాడికి దెబ్బ అంటే నెల జీతం. చెయ్యి విరిగితే ఇల్లు విరుగుతుంది. దెబ్బకు ధర లేని లోకాన్ని అతను చూస్తున్నాడు. చాప్లిన్ 'మోడరన్ టైమ్స్' (1936)లో కూలివాణ్ణి యంత్రపు చక్రాల మధ్యకు పంపి, ఏమీ కానట్టు బయటికి తీశాడు. అన్నం తినిపించే యంత్రం చేత మూతి మీద కొట్టించాడు. దాన్ని మనం గొప్ప కళ అన్నాం, సబబే. కాని చాప్లిన్ యంత్రం ఎవరిదో చూపించాడు. మన సినిమా దెబ్బ కొట్టేవాణ్ణి మాత్రమే చూపిస్తుంది. తేడా ఇక్కడుంది, ఒళ్ళు రబ్బరులా సాగడంలో లేదు.

మూడోది, అతి. ప్రేక్షకుడు ఇదంతా నమ్ముతాడని మనం భయపడ్డాం. నమ్మడు. తోలుబొమ్మలాటలో రామరావణ యుద్ధం మధ్యలోకి కేతిగాడూ జుట్టుపోలిగాడూ వచ్చి బూతులాడి పోయేవారు. చూసేవాడికి అది బొమ్మ అని తెలుసు, వెనక దీపం ఉందని తెలుసు, ఆడించే చెయ్యి పక్క వీధిదని కూడా తెలుసు. తెలిసే ఆటలో పాలుపంచుకుంటాడు. అతి అన్నది ప్రేక్షకుడికీ ఆటకూ మధ్య ఒప్పందం. బెర్టోల్ట్ బ్రెహ్ట్ నాటకశాలలోకి క్రీడామైదానం ప్రేక్షకుడు రావాలని కోరుకున్నాడు: ఆటను ఎరిగి, ఎడంగా కూర్చుని, కేకలేస్తూ చూసేవాడు. ఆ ప్రేక్షకుడు మా డేరా హాల్లో నేల మీద కూర్చునే ఉన్నాడు. అతణ్ణి మనం అమాయకుడనుకున్నాం.

6

ఇక పరవాడ సంగతి. 2002 నుంచి సింహాద్రి థర్మల్ కేంద్రం విద్యుత్తు ఉత్పత్తి చేస్తున్నది. 500 మెగావాట్ల యూనిట్లు నాలుగు. తర్వాత ఫార్మాసిటీ వచ్చింది. దాని వాసనకు తట్టుకోలేక తాడి గ్రామం తమను వేరే చోటికి తరలించమని ఏళ్ళ తరబడి అడిగింది. 2020 జూన్‌లో ఫార్మాసిటీలో విషవాయువు లీకై ఇద్దరు చనిపోయారు. 2022 డిసెంబరులో మంటల్లో నలుగురు పోయారు. 2024 ఆగస్టులో పక్కనే అచ్యుతాపురంలో పేలుడుకు 17 మంది బలయ్యారు. ఇవి పత్రికల్లో వచ్చినవి. ఒక్కొక్కరుగా పోయినవాళ్ళు పత్రికల్లోకి రారు.

మా మేనల్లుడు అక్కడొక మందుల కంపెనీలో కంట్రాక్టు కూలి. మరో ముగ్గురితో కలిసి పరవాడలో గది అద్దెకు తీసుకున్నాడు. ఒకతను శ్రీకాకుళం వైపువాడు, ఒకతను ఒడిశావాడు, ఇంకొకతను జార్ఖండ్ కుర్రాడు, తెలుగు అంతంత మాత్రం. ఒక సాయంత్రం నేను వెళ్ళేసరికి నలుగురూ టీవీ ముందున్నారు. 'యముడికి మొగుడు' వస్తోంది. చిట్టా తిరగేసే ఘట్టం. అందరూ పడి పడి నవ్వుతున్నారు. నేనూ చెప్పులు విప్పకుండానే నవ్వేశాను. తెలుగు రాని కుర్రాడు అందరికంటే ఎక్కువ నవ్వుతున్నాడు.

కాసేపటికి మేనల్లుడు చెప్పాడు, వాళ్ళ బ్లాకులో పనిచేసే మనిషి ఒకడు పది రోజుల క్రితం సాల్వెంటు మంటల్లో కాలి ఆస్పత్రిలో పోయాడట. నా మొహంలో నవ్వు చచ్చిపోయింది. "మరి ఇలాంటప్పుడు ఇదేం సినిమారా?" అన్నాను. నాలోని ఉపన్యాసకుడు లేచాడు. చావు ఇంటి గుమ్మంలో ఉంటే చావు మీద వేళాకోళమా అన్నది నా ఉద్దేశం.

శ్రీకాకుళం కుర్రాడు టీవీ గొంతు తగ్గించి అన్నాడు: "అది కాదండి మాస్టారూ. ఆ సచ్చిపోయినోడి పేరు ఆ రోజు మస్టర్లో లేదటండి. డబల్ డూటీ సేస్తన్నాడు, రెండో డూటీ రాయలేదు. అందుకని ఆ టయానికి ఆడు లోపల్నే లేడంటన్నారు. మా కాడ సిత్రగుప్తుడు కంట్రాక్టరేనండి. అక్కడ పుస్తకంలో పేరు లేపోతే మనిసి ఎనక్కొచ్చేస్తాడు. ఇక్కడ పేరు లేపోతే సచ్చినట్టు కూడా కాదు."

మేనల్లుడు "మావయ్యా, టీ తాగుతావా?" అని లేచాడు. నేను జవాబు చెప్పలేదు. ముప్పై ఏళ్ళుగా వర్గచైతన్యం గురించి వ్యాసాలు రాసినవాణ్ణి. నేను పలాయనమన్న సినిమాలోంచే వాళ్ళు తమ హాజరు పుస్తకం చదువుతున్నారు. తర్వాత తెలిసింది, వాళ్ళు నలుగురూ మరికొందరితో కలిసి ఆ రాత్రి ఆ మనిషి లోపలే ఉన్నాడని సంతకాలు పెట్టి కార్మికశాఖకు అర్జీ ఇచ్చారని. సంతకం పెట్టినవాళ్ళలో ఇద్దరికి మర్నాడు నుంచి గేటు దగ్గర పని లేదన్నారు. అర్జీ ఏమైందో నేనిది రాసేనాటికి తేలలేదు. సినిమా చూసి అర్జీ పెట్టారని నేననడం లేదు, అలా అంటే హాస్యాస్పదం. సినిమా చూసి నవ్వినవాళ్ళు అర్జీ పెట్టలేకపోలేదు అంటున్నాను.

7

అయితే ఈ నవ్వును యథాతథంగా నెత్తిన పెట్టుకోవచ్చా? ఇక్కడే నా అపరాధభావం మళ్ళీ మొదలవుతుంది, ఈసారి సరైన కారణంతో.

కాళి అడిగిన ప్రశ్న న్యాయమైనది: తప్పు నీది, నా ప్రాణం నాకియ్యి. సినిమా దానికిచ్చిన జవాబు చూడండి. వాడికి దొరికింది ఒక ధనవంతుడి శరీరం. యమలోకం గుమ్మంలో బారులు తీరిన మిగతావాళ్ళలో ఎంతమంది పేర్లు తప్పు పడ్డాయో ఎవరూ చూడరు. ఒక్కడి కేసు పరిష్కారమైంది, చిట్టా మాత్రం చిత్రగుప్తుడి చేతిలోనే ఉంది. నేల క్లాసు ముసలాయన "గట్టిగా అడుగు" అన్నది తన కోసం కూడా. తెర ఆ మాటను విని, ఒక్కడికే ఇచ్చి పంపేసింది.

వరస పెట్టి చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. 1977లో సత్యం యముడి దగ్గర పనిచేసేవాళ్ళందరినీ కదిలించాడు. 1988లో కాళి తన ఒక్కడి ప్రాణం కోసం వాదించాడు. 1994లో 'యమలీల' నాయకుడు యముడి పుస్తకం చేతికి దొరికితే దాంతో బాగుపడతాడు, ఆ పైన తల్లి ప్రాణం కోసం తాపత్రయపడతాడు. 2007లో నాయకుడు దొంగ, యమపాశాన్నే కాజేస్తాడు. సమ్మె నుంచి వాదనకు, వాదన నుంచి అదృష్టానికి, అదృష్టం నుంచి దొంగతనానికి. నాలుగు సినిమాలతో చరిత్ర సూత్రం రాయబోను. 'యమగోల' సమ్మెలో కూడా వేళాకోళం పాలు ఎక్కువే, దాన్ని విప్లవ చిత్రమనడం లేదు. కాని అదే యముడు, అదే పుస్తకం, అదే నవ్వు ఉండగా అందరి మాట క్రమంగా ఒక్కడి మాట అయింది. విమర్శకుడు పట్టుకోవలసిన సంగతి ఇది. "అతిగా ఉంది, అవాస్తవికంగా ఉంది" అని చెయ్యి దులుపుకున్నందువల్ల ఇన్నాళ్ళూ నాకు ఇది కనిపించలేదు. నవ్వానని ఒప్పుకున్నాక కనిపించింది.

8

రచయితలకూ విద్యార్థులకూ ఇందులో పని ఉంది. మన పెద్దలు నవ్వును ఇంత దూరం పెట్టలేదు. మా జిల్లాలోని సర్వసిద్ధి రాయవరంలో పుట్టిన గురజాడ 1897లో 'కన్యాశుల్కం' అచ్చువేసి, 1909లో తిరగరాశాడు. గిరీశం మోసగాడని తెలిసీ అతని మాటల కోసం ఎదురుచూస్తాం. ఆ ఇష్టాన్ని గురజాడ తిట్టలేదు, వాడుకున్నాడు. గిరీశం మాటకు నవ్విన నోటితోనే మధురవాణి అడిగే ప్రశ్నకు జవాబు వెతుక్కునేలా చేశాడు. విశాఖ కోర్టుల్లో బీదల కేసులు వాదించిన రావిశాస్త్రి 'ఆరు సారా కథలు'లో నవ్వించిన ప్రతిచోటా చట్టం ఎవరి చుట్టమో చూపించాడు. కొడవటిగంటి కుటుంబరావు అంతటి హేతువాది 1952 నుంచి 1980లో చనిపోయేదాకా 'చందమామ'లో దయ్యాల కథలూ, బేతాళ కథలూ తీర్చిదిద్దాడు. భేతాళుణ్ణి నమ్మినందుకు కాదు, పిల్లవాడి మనసుకు తలుపెక్కడుందో తెలిసినందుకు.

కాబట్టి నేను చెప్పేది ఇంతే. ఇష్టమైన సినిమాను దాచకండి. ఏ ఘట్టం దగ్గర నవ్వారో రాసుకోండి. పక్కవాడు ఎక్కడ నవ్వాడో కూడా చూడండి, రెండూ ఒకటి కాకపోవచ్చు. ఆ నవ్వును తెర ఎటు మళ్ళించిందో అడగండి. అప్పుడు రాసే విమర్శ నేల క్లాసులో కూర్చున్నవాడికి కూడా తన మాటలా వినిపిస్తుంది. ఇక ఆడవాళ్ళ సంగతి, మూడో అభియోగం, నేనిక్కడ పైపైనే వదిలేశాను. ఈ యమలోకపు కచేరీలో నాయికకు ఎన్నడూ ప్రశ్న అడిగే అవకాశం ఎందుకు రాలేదన్నది ఎవరైనా ఒక అమ్మాయి రాయాలి. పురాణంలో యముడితో వాదించి గెలిచింది సావిత్రి కదా. మన సినిమాలో ఆ వాదన నాయకుడి చేతికి ఎలా పోయింది?

అనకాపల్లి సభలో నన్నడిగిన అమ్మాయి ఈ పత్రిక చదువుతుందో లేదో తెలియదు. చదివితే ఈ మాట ఆమెకు: ఆ రోజు నేను నిజం చెప్పలేదమ్మా. నాకు ఇష్టమైన సినిమా 'యముడికి మొగుడు'. నీకు ఏది ఇష్టమో నేను అడగలేదు. వచ్చే సభలో ముందు నువ్వే చెప్పు.